తాడుకు వేలాడిన 14 నిమిషాలు

మనిషి కిందపడితే ఏం చేయాలో ఆ రోజు మా అందరికీ తెలుసు. స్ట్రెచర్, మెడకు వేసే కాలర్ సిద్ధంగా ఉన్నాయి. అంబులెన్స్ గుట్ట మొదట్లోనే నిలబెట్టి ఉంది. కానీ అతను కిందపడలేదు. నేలకు సుమారు 9 మీటర్ల ఎత్తున తాడుకు వేలాడుతూ ఆగిపోయాడు. దెబ్బ లేదు, నెత్తురు లేదు. మొదటి ఐదు నిమిషాలు దాన్ని ప్రమాదంగా మాలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ కేసు రాయడానికి కారణం ఆ ఐదు నిమిషాలే.

నేను హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగంలో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. గత మార్చిలో టెరిటోరియల్ ఆర్మీ జవాన్లకు జరిగిన నాలుగు రోజుల వైద్య విన్యాసంలో సాయం చేయమని పిలిచారు. గాయాల సన్నివేశాలు తయారుచేయడం, జవాన్ల పనితీరు చూసి తప్పొప్పులు చెప్పడం, నిజంగా ఎవరికైనా ఏమైనా అయితే చూసుకోవడం నా బాధ్యతలు. ఆ జవాను అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. అతని పేరు, యూనిట్, గుట్ట పేరు కావాలనే రాయలేదు.

టెరిటోరియల్ ఆర్మీ గురించి తెలియని వాళ్లకు రెండు మాటలు. 1948 చట్టంతో ఏర్పడి, 1949 అక్టోబర్ 9న రాజగోపాలాచారి చేతుల మీదుగా మొదలైన పౌర సైన్యం ఇది. ఇందులో చాలామందికి బయట ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది. ఏడాదిలో కొన్నాళ్లు యూనిఫాం వేసుకుని శిక్షణ పొందుతారు, దేశానికి అవసరమైనప్పుడు పిలుపు అందుకుంటారు. 2025 మేలో వీళ్ల 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ను రంగంలోకి పిలుచుకునే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది. ఆ తర్వాత శిక్షణలో పట్టుదల బాగా పెరిగిందని నాతో మాట్లాడిన జవాన్లు చెప్పారు. మా శిబిరంలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, బ్యాంకు గుమస్తా ఉన్నాడు, క్యాబ్ నడిపేవాళ్లు ఇద్దరు, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన ఒకరు ఉన్నారు. ఈ కేసులోని జవానుకు 29 ఏళ్లు. నల్గొండ వైపు మనిషి, జీడిమెట్లలో ఒక కంపెనీలో షిఫ్టుల పని చేస్తాడు. వీళ్ల శరీరాలు రోజూ కవాతు చేసే శరీరాలు కావు. ముందురోజు రాత్రి వరకు ఇంకో బతుకు బతికి వచ్చినవి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ దాన్ని విన్యాసం లెక్కలో వేసుకోలేదు.

విన్యాసం ఎలా ఉండిందంటే

ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న గుట్ట అది. మన నగరం చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ ఈ రాయి ఉల్లిపొరల్లా పైపొరలు వదులుకుంటూ గుండ్రంగా తేలుతుంది. అందుకే పైన నున్నటి వాలు, దాని కింద లోపలికి తినేసినట్టున్న గుంట, ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. తాడు మీద దిగేవాడికి పైవాలు సుఖం, ఎందుకంటే కాళ్లు రాయికి ఆనుతాయి. గుంట దగ్గరికి రాగానే కాళ్ల కింద రాయి ఉండదు, మనిషి గాలిలో వేలాడతాడు.

సన్నివేశం ఇది. గుట్ట మీద పేలుడు జరిగింది, ఏడుగురు గాయపడ్డారు, నడిచే దారి మూసుకుపోయింది. పైన ఒక జట్టు గాయాలను బట్టి ఎర్ర, పసుపు, ఆకుపచ్చ చీటీలు కట్టి వరస పెట్టాలి. నెత్తురు కారే కాలికి టోర్నికే, అంటే నెత్తురు ఆపే పట్టీ, బిగించాలి. మెడికల్ సంచీలతో నలుగురు ముందుగా ర్యాపెల్లింగ్ చేస్తూ, అంటే తాడు పట్టుకుని జారుతూ దిగి, కింద ప్రథమ చికిత్స కేంద్రం తెరవాలి. తర్వాత స్ట్రెచర్లు తాళ్ల మీద దిగుతాయి.

తాడు పనికి ఒక హవల్దార్ ఉస్తాద్ ఉన్నారు. కొండ శిక్షణలో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. ప్రతి ముడినీ చేత్తో తడిమి చూడనిదే ఎవరినీ అంచు దాటనిచ్చేవారు కాదు. తాడు మంచిదే, రాతి అంచున తాడు కోసుకుపోకుండా కింద మందపాటి గోనె వేశారు, హెల్మెట్లు, తోలు గ్లవ్స్ అందరికీ ఉన్నాయి. నడుముకూ తొడలకూ హార్నెస్ అనే పట్టీల కట్టు, దానికి క్యారబీనర్ అనే లోహపు కొక్కెం, క్యారబీనర్‌కు ఎయిట్ ఆకారంలో ఉండే లోహపు రింగు. తాడు ఆ రింగులో మెలికపడి రాపిడితో మనిషి వేగాన్ని ఆపుతుంది. కింద ఇంకొకరు తాడు చివర పట్టుకుని ఉంటారు. పైవాడు అదుపు తప్పితే ఆ చివర లాగితే చాలు, ఎయిట్‌లో తాడు బిగిసి దిగడం ఆగిపోతుంది.

చెప్పాలంటే ఉస్తాద్ వైపు నుంచి తాడు పద్ధతి సరిగ్గానే ఉంది. నా వైపు నుంచి వైద్యం పద్ధతీ సరిగ్గానే ఉంది. రెండింటినీ ఒకే మనిషి ఒంటి మీద పెట్టినప్పుడు ఏమవుతుందో చూసుకునే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

ఏం జరిగింది

రెండో రోజు ఉదయం పదిన్నర దాటింది. మూడో మనిషిగా ఇతను దిగాడు. వీపున సుమారు 8 కిలోల మెడికల్ సంచీ. గాయం కనిపించగానే చేతికి అందాలని, ముందురోజు తరగతిలో నేనే ఒక చిట్కా చెప్పాను: ఒక ట్రయాంగులర్ బ్యాండేజ్‌ను (కట్టు కట్టే మూడుమూలల గుడ్డను) సంచీ భుజం పట్టీకి ముడివేసి ఉంచుకోండి, జిప్పు తీసి వెతుక్కునే సమయం కలిసొస్తుంది అని. నేల మీద పనికొచ్చే చిట్కా అది. అతను శ్రద్ధగా పాటించాడు. ఎడమ భుజం పట్టీకి కట్టిన గుడ్డ చివర్లు ఛాతీ మీదుగా వేలాడుతున్నాయి.

పైవాలు చక్కగా దిగాడు. గుంట దగ్గర కాళ్లు గాలిలోకి రాగానే, వీపున ఉన్న బరువు అతన్ని వెనక్కి వాల్చేసింది. నిటారు కావడానికి ముందుకు వంగి తాడును దగ్గరికి లాక్కున్నాడు. అలా వంగినప్పుడు గుడ్డ చివర తాడుతోపాటు ఎయిట్‌లోకి వెళ్లిపోయింది. పొడవు జుట్టు, వదులు చొక్కా, గ్లవ్ వేలు ఇలాగే చిక్కుకుంటాయని ర్యాపెల్లింగ్ నేర్పే ప్రతివాళ్లూ చెబుతారు. బ్యాండేజ్ గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే దిగేవాళ్లు మామూలుగా బ్యాండేజ్ కట్టుకుని దిగరు. కింద తాడు పట్టుకున్న జవాను తనకు నేర్పినట్టే తాడు గట్టిగా లాగాడు. దాంతో చిక్కు ఇంకా బిగుసుకుంది.

ఇప్పుడు అతను ముందుకు వంగిపోయి, భుజం పట్టీ తన ఎయిట్‌కే కట్టేసినట్టయి వేలాడుతున్నాడు. పైకి ఎక్కలేడు, కిందికి దిగలేడు. పైన తాడు చివర రాతిలోని బోల్టులకు గట్టి ముడితో కట్టి ఉంది. మనిషి బరువు పడ్డాక ఆ ముడి విప్పడం కుదరదు. అంటే పైనుంచి తాడు వదులుతూ అతన్ని దించే దారి లేదు. విడిగా రక్షణకు రెండో తాడు కూడా అతనికి లేదు. కింద పట్టుకునే మనిషి ఉన్నాడు కదా అనుకున్నాం.

"ఏం కాలే తమ్మీ, ఆగు, ఇంకో తాడేస్తున్నం" అని ఉస్తాద్ పైనుంచి అరిచారు. అతను నవ్వుతూ చెయ్యి ఊపాడు. చూస్తున్న వాళ్లూ నవ్వారు. నేను మాత్రం కింద రెండో జవాను కట్టిన టోర్నికే బిగువు చూస్తూ కూర్చున్నాను.

ఆరో నిమిషం ప్రాంతంలో అతను జవాబివ్వడం తగ్గించాడు. తల ఎత్తి చూస్తే, అంతకుముందు ఊగుతున్న కాళ్లు ఊగడం మానేశాయి. అప్పుడు లేచాను. "కాళ్లు ఆడించు తమ్ముడూ, మోకాళ్లు పైకి లాక్కో" అని గట్టిగా కేకేశాను. రెండు మూడు సార్లు లాగాడు. తొమ్మిదో నిమిషంలో "మేడమ్, చెవులు మూసుకపోతున్నయ్, కండ్లకు చీకట్లొస్తున్నయ్" అన్నాడు. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. పన్నెండో నిమిషానికి తల వాలిపోయింది.

పైన ఈలోగా ఉస్తాద్ రెండో తాడుతో ఒక జవానును దించారు. అతను వచ్చి ఆ తాడును వేలాడుతున్న మనిషి హార్నెస్‌కు తగిలించాడు. పైనున్న ఆరుగురు కలిసి జానెడు ఎత్తు పైకి లాగారు. ఎయిట్ మీద బరువు తగ్గింది. దిగిన జవాను నడుముకు కత్తి ఉంది, కానీ ఉస్తాద్ కత్తి తీయనివ్వలేదు. బరువుతో బిగిసి ఉన్న తాడుకు కత్తి అంచు తగిలితే క్షణంలో తెగిపోతుంది. మెడికల్ సంచీలోని మొద్దుమొన కత్తెరతో గుడ్డను కత్తిరించారు. తర్వాత రెండో తాడు మీదే అతన్ని దించారు. మొత్తం 14 నిమిషాలు. ఈ లెక్క కూడా మేం రాసుకున్నది కాదు. గాయపడ్డవాళ్ల వరస ఎంతసేపట్లో పెడతారో చూడటానికి ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని ఉన్నారు, దాన్నిబట్టి తేల్చాం.

నేల మీదికి వచ్చాక

అతని కాళ్లు నేలకు తగలగానే మెడికల్ జట్టులో ఒక అబ్బాయి అడ్డం వచ్చాడు. "మేడమ్, పడుకోబెట్టకండి! కూర్చోబెట్టాలె. పడుకోబెడితే కాళ్లల్ల రక్తం ఒక్కసారి గుండెకొచ్చి ఆగిపోతదని చెప్పిన్రు."

ఆ అబ్బాయిది తప్పు కాదు. ఈ మాట చాలాకాలం పాఠాల్లో ఉంది. తాడుకు వేలాడి బతికి, దించిన కాసేపటికి చనిపోయిన పర్వతారోహకుల గురించి 1972లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన కొండ వైద్యుల సమావేశంలో చర్చ జరిగింది. అక్కడి నుంచి, కాళ్లలో నిలిచిన రక్తం ఒక్క పెట్టున గుండెను ముంచుతుందన్న ఊహ పుట్టి, కూర్చోబెట్టే ఉంచాలన్న సలహా పరిశ్రమల భద్రతా శిక్షణ దాకా పాకింది. ఆ సలహాకు ఆధారం లేదని 2009లో బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ చేయించిన సమీక్ష తేల్చింది. 2023లో అంతర్జాతీయ కొండ రక్షణ సంఘం వైద్య విభాగం కూడా అదే చెప్పింది: వీలైనంత త్వరగా దించండి, వెల్లకిలా పడుకోబెట్టండి, మామూలు అత్యవసర చికిత్స చేయండి. స్పృహ తప్పుతున్న మనిషిని కూర్చోబెట్టడమంటే మెదడుకు ఎక్కాల్సిన రక్తాన్ని ఇంకా కిందే ఆపేయడం.

ఇదంతా నేను చదివిందే. అయినా ఆ అబ్బాయి గొంతులో ఉన్న భయం విని నా చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత "పడుకోబెట్టండి, కాళ్లు ఎత్తండి" అన్నాను. దాదాపు 20 సెకన్లు పోయాయనుకుంటున్నాను. మీ జట్టు కొండ దగ్గరో, ఎత్తైన కట్టడం దగ్గరో పనిచేస్తుంటే ఈ వాదన గదిలోనే ముగించుకుని వెళ్లండి.

మొదటి పరీక్షలో పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు కానీ మాట ముద్దగా ఉంది. ముఖం పాలిపోయింది, చల్లటి చెమట, వికారం. నాడి నిమిషానికి 48. రక్తపోటు పైది 80, కిందిది సరిగ్గా వినిపించలేదు. ఆక్సిజన్ 97 శాతం. వేలి నెత్తుట్లో చక్కెర 71. ఒంటి వేడి 37.6 డిగ్రీలు. తలకు దెబ్బ లేదు, ఛాతీ రెండువైపులా గాలి బాగా ఆడుతోంది. తొడల లోపలివైపు హార్నెస్ పట్టీల అచ్చులు ఎర్రగా పడ్డాయి, పాదాల్లో స్పర్శ ఉంది.

పక్కనున్న వాళ్లందరూ వడదెబ్బ అన్నారు. మార్చి ఎండలో, వేడెక్కిన రాయి పక్కన ఎవరైనా అలాగే అనుకుంటారు. నన్ను ఆపింది నాడి. ఎండకు నీరు తగ్గి రక్తపోటు పడిపోయిన యువకుడి గుండె పరుగెత్తాలి, 120 కొట్టాలి. ఇతనిది 48. ఒంటి వేడి కూడా అంత లేదు. కదలకుండా వేలాడినప్పుడు రెండు పనులు జరుగుతాయి. కాలి కండరాలు ముడుచుకుంటేనే సిరల్లో రక్తం పైకి ఎగబాకుతుంది, అవి ఆగితే రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గినప్పుడు, కొందరిలో శరీరం వేగస్ అనే నరం ద్వారా తలకిందుల స్పందన ఇస్తుంది: గుండె వేగం తగ్గుతుంది, నాళాలు వదులవుతాయి, రక్తపోటు ఒక్కసారిగా కూలిపోతుంది. నిలబడి ఉన్న మనిషికి ఇలా అయితే కిందపడతాడు, పడగానే తల గుండె ఎత్తుకు వచ్చి తేరుకుంటాడు. పడిపోవడమే అక్కడ శరీరం చేసుకునే చికిత్స. హార్నెస్‌లో ఉన్నవాడికి పడిపోయే అవకాశం లేదు. తాడు అతన్ని నిటారుగానే పట్టుకుని ఉంటుంది.

వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు సంచీ మీద ఎత్తి పెట్టి, ఛాతీ మీద పట్టీలు, తర్వాత తొడ పట్టీలు వదులు చేశాం. చేతికి సూది పెట్టి సెలైన్ 500 మిల్లీలీటర్లు ఎక్కించాను. గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు సిరంజిలోకి తీసి పెట్టుకున్నాను, వాడాల్సిన అవసరం రాలేదు. నాలుగు నిమిషాలకు నాడి 70, రక్తపోటు 104/66. "కాళ్లల్ల సూదులు గుచ్చినట్టున్నది మేడమ్" అన్నాడు. నాకు ఊపిరి తిరిగొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే సెలైన్ లేకపోయినా తేరుకునేవాడు. పని చేసింది పడుకోబెట్టడమే.

ఆస్పత్రికి పంపి ఆరు గంటలు చూశాం. ఈసీజీ మామూలుగా ఉంది. కండరాలు నలిగితే పెరిగే సీకే, పొటాషియం, క్రియాటినిన్ హద్దుల్లోనే ఉన్నాయి, మూత్రం రంగు మారలేదు. 14 నిమిషాలకు కండరాలు దెబ్బతింటాయని నేను అనుకోలేదు. రెండు గంటలు దాటి వేలాడిన వాళ్లలో మూత్రపిండాల గురించి గట్టిగా ఆలోచించాలి. కానీ వేలాడిన సమయం మా దగ్గర రాసి లేదు కాబట్టి పరీక్ష చేయించడమే మేలనుకున్నాను.

తర్వాత అడిగి తెలుసుకున్నవి

సాయంత్రం వార్డులో కూర్చుని నింపాదిగా మాట్లాడాను. శిబిరానికి మొదటిరోజు ఉదయం నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా వచ్చాడు. ఆ రాత్రి శిబిరంలో రెండు గంటలు కాపలా. రెండు రోజుల్లో కలిపి నిద్ర ఐదు గంటలకు మించలేదు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడు. నీళ్లు తాగావా అంటే తల దించుకున్నాడు. "హార్నెస్ ఏసుకున్నంక ఒంటికి పోవాలంటే మళ్ల విప్పుడు కష్టం గదా మేడమ్, అందుకే తాగలే." తర్వాత మిగతావాళ్లను అడిగితే, ఆ ఉదయం దిగాల్సిన నలుగురిలో ముగ్గురు ఇదే కారణంతో నీళ్లు మానేశారు. ఆడవాళ్లు బస్సు ప్రయాణానికి ముందు నీళ్లు తాగకపోవడం నాకు ఎప్పటి నుంచో తెలుసు, నేనూ చేశాను. జవాన్లు తాడుకు ముందు అదే పని చేస్తారని ఊహించలేదు.

ఇంకో విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. అతని సంచీలో మడతపెట్టిన ట్రయాంగులర్ బ్యాండేజీలు ఇంకా ఆరు ఉన్నాయి. ఒకటి తీసి వలయంగా ముడివేసి, హార్నెస్ క్యారబీనర్‌కు తగిలించి, అందులో పాదాలు పెట్టి తొక్కుతూ ఉంటే కాలి కండరాలు పనిచేసేవి, తొడల మీద ఒత్తిడి తగ్గేది. ఎత్తులో పనిచేసేవాళ్ల హార్నెస్‌లకు ఇందుకోసమే పాదాల పట్టీలు వస్తాయి. మొదటి మూడు నిమిషాల్లో అతను పూర్తి తెలివిలో ఉన్నాడు, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, సంచీ ఒంటి మీదే ఉంది. కింద నుంచి నేను ఒక్క మాట చెప్పి ఉంటే చేసేవాడు. ఆ మూడు నిమిషాలూ నా కళ్లు టోర్నికే మీదే ఉన్నాయి.

ఏం మార్చాం

ఆ రోజు తాడు పని ఆపేశాం. మర్నాడు ఉస్తాద్, నేను కలిసి సామాను మొత్తం నేల మీద పరిచి, ఒక జవానుకు అన్నీ తొడిగి, చుట్టూ తిరిగి చూశాం. మెడికల్ సంచీ ఇక వీపున ఉండదు. హార్నెస్‌కు పట్టీతో తగిలిస్తే కాళ్ల మధ్య నుంచి కిందికి వేలాడుతుంది, మనిషి వెనక్కి వాలడు. నడుము పైన వేలాడే గుడ్డ, గొట్టం, ట్యాగ్ ఏదీ ఉండకూడదు. స్టెతస్కోప్ సంచీలోకి వెళ్లాలి. నా చిట్కాను అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను.

యాంకర్ దగ్గర, అంటే పైన తాడును రాతికి కట్టే చోట, మార్పు ఉస్తాద్‌ది. తాడును గట్టి ముడితో కాకుండా, బరువు మీద ఉన్నా విప్పి వదలగలిగే పద్ధతిలో కట్టారు. దానికి తోడు ప్రతి మనిషికీ పైనుంచి రెండో తాడు. దీనిమీద మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. రెండో తాడు పెడితే ఒక్కొక్కరికీ పట్టే సమయం పెరుగుతుంది, యుద్ధంలో అంత తీరిక ఉండదని ఆయన మాట. ఆయనకు తెలిసిన యుద్ధం నాకు తెలియదు. కానీ ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే తాడు పట్టే మనుషులకు, శిక్షణలో ఆ నిమిషాలు ఇవ్వాల్సిందేనని నేను గట్టిగా నిలబడ్డాను. చివరికి ఆయన ఒప్పుకున్నారు. యాంకర్ విప్పడం అందరి చేతా అభ్యాసం చేయించిన ఓపిక కూడా ఆయనదే.

నా వంతుగా, అంచు దాటే ముందు ప్రతివాళ్లనూ మూడు అడుగుతున్నాను: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు, చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగావు. గుట్ట పైన ఒక టార్పాలిన్ మరుగు కట్టించాం, హార్నెస్ వేసుకునే ముందు వెళ్లి రావడానికి. ఒక మనిషి పని గడియారం చూడటమే. తాడు మీద ఎవరైనా ఒక నిమిషం కదలకుండా ఉంటే విజిల్ వేస్తాడు, విజిల్ పడితే విన్యాసం ఆగి రక్షణ మొదలవుతుంది, ఆ మనిషి నవ్వుతున్నా సరే.

పాదాల వలయం అభ్యాసానికి గుట్ట దగ్గర ఎక్కనివ్వలేదు. శిబిరంలో ఒక పెద్ద వేపచెట్టు ఉంది. దాని కొమ్మకు తాడు కట్టి, నేలకు అడుగు ఎత్తున ఒక్కొక్కరినీ హార్నెస్‌లో కూర్చోబెట్టి, సొంత సంచీలోంచి బ్యాండేజ్ తీసి వలయం కట్టి తొక్కమన్నాం. మొదట చాలామంది వలయం మరీ పొడుగ్గా కట్టారు, పాదం పెట్టినా బరువు దిగలేదు.

మూడు నెలల తర్వాత ఇంకో శిబిరానికి వెళ్లినప్పుడు ఆ వేపచెట్టు కిందే అతను కనిపించాడు. కొత్తగా వచ్చిన నలుగురికి బ్యాండేజ్ ముడి చూపిస్తున్నాడు. ఎంత పొడుగు కట్టాలన్నా అని ఒక కుర్రాడు అడిగాడు. "మోకాలు జరంత వంగి ఉండాలె, అప్పుడే తొక్కొస్తది" అని, తన కాలు వలయంలో పెట్టి లేచి నిలబడి చూపించాడు. పక్కనే నీళ్ల సీసా, సగం ఖాళీ అయి ఉంది.